"జాలు వట్టిన చెల్క": మారదా, మారడా?

హనుమకొండ పెరడు:
మా అమ్మమ్మ అనే మాట ఒకటి వారం నుంచి నాలుక మీద ఆడుతోంది, పూర్తిగా రావడం లేదు. "జాలు వట్టిన చెల్క ఆరదు, అల్క వట్టిన ... మార..." జాలంటే నేలలో ఆరని తడి, అల్కంటే అలక. నడుమ మాట పోయింది. చివర "మారదు" అనేదో "మారడు" అనేదో అదీ తెలియడం లేదు. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, పెరట్లో పెట్టిన ఐదు బొప్పాయిల్లో మూడు పోయాయి. వాన వెలిసి నాలుగు రోజులైనా అడుగేస్తే చెప్పు బురదలోనే ఉండిపోతోంది. ఆకులు వాడితే నీళ్లు చాల్లేదేమోనని మా ఆయన ఇంకో బకెట్ పోశారు! మొదలు పట్టుకుంటే చేతిలోకి మెత్తగా ఊడొచ్చింది.

పరకాల పంతులు:
"మారదు"నే. ఆరదు, మారదు అని ప్రాస కళ్ల ముందే ఉంది కదా. పోయిన మాట "కోడలు". అత్తలు కట్టిన సామెతలు ఇంకెవరి మీద ఉంటాయి.

తరి-ఖుష్కి:
కోడలి మీద పడే ముందు "చెల్క" సంగతి తేల్చండి. చెల్క అంటే ఎర్రటి తేలిక నేల. పడ్డ వాన పడ్డట్టే గుంజుకుంటుంది. దానికి జాలెట్లా పడుతుంది? అసలు మాట "చేను" అయి ఉంటుంది. అల్కతో కలుస్తుందని ఎవరో చెల్క చేశారు.

జగిత్యాల పసుపు:
మీరు కాలువ కింద సేద్యం చేసినట్టు లేరు సార్. మా దగ్గర కాలువ పారడం మొదలయ్యాకే పక్క చెల్కలు జాలు పట్టాయి. ఎండాకాలం కూడా మడమ దిగేది. మక్క వేసేవాళ్లు విధిలేక వరికి మారారు. ఆరాల్సిన చెల్కే ఆరడం లేదనడంలో ఉంది సామెత బలం. చేను అంటే చప్పబడిపోతుంది.

తరి-ఖుష్కి:
అయితే ఈ సామెత వయసెంత? శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన 1963లో. దాని కాకతీయ కాలువ నీళ్లు మన దిక్కు రావడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. అమ్మమ్మ గారు చిన్ననాడు విన్న మాటైతే మీ లెక్క కుదరదు.

పాకాల కట్ట:
చెరువులు లేవా అన్నా? పాకాల, రామప్ప కాకతీయుల నాటివి. కట్ట ఉన్న చోటల్లా కట్ట కింద జాలు ఉంటుంది.

బమ్మెర బాట:
జాలు అంటే ప్రవాహమే కదా. "జాలువారు"లో ఉన్నది అదే.

పాకాల కట్ట:
జాలువారేది పైనుంచి కిందికి. మా జాలు అడుగు నుంచి పైకి వస్తుంది. పోనీ ఊట అందామా అంటే, ఊట మనం తవ్వుకుంటే వచ్చేది. పిలవకుండా వచ్చి కూర్చునేది జాలు.

జగిత్యాల పసుపు:
మేడం, మాట తర్వాత, ముందు మీది జాలేనా చూసుకోండి. రెండు రోజులు వాన లేనప్పుడు మోకాలి లోతు గుంత తవ్వి, నీళ్లన్నీ తోడెయ్యండి. మళ్లీ ఊరితే చాలావరకు జాలే. ఊరకపోతే అది నిలవ నీరు. కాలనీ ప్లాట్లలో కింద రేగడి, పైన రెండు ట్రిప్పుల మొరం పోస్తారు. వాన నీరు మొరంలోంచి దిగి రేగడి మీద ఆగిపోతుంది. నిలవైతే అడుగున్నర ఎత్తు కట్ట పోసి దాని మీద మొక్క పెట్టండి. జాలైతే నీళ్లు వచ్చే ఎగువ వైపు అడ్డంగా లోతు కాలువ తీసి పల్లానికి మలపాలి, లేకపోతే కట్ట కూడా అడుగు నుంచి నానుతుంది. రేగడిలో రెండు తట్టల ఇసుక కలపమంటారు కొందరు. కలపకండి, ఎండితే ఇటుకే. వేరుకు గాలాడక చచ్చిన మొక్కకు నీళ్లు పోసిన సారు మీద మాత్రం కోపం వద్దు, మేమంతా ఒకసారి చేసినవాళ్లమే.

బమ్మెర బాట:
అంటే ఇక పోతన "బాలరసాలసాల" పద్యంలో దుంపలు తవ్వుకుని బతికే కవుల్లా "కౌద్దాలికులైన నేమి" అన్నమాట.

పరకాల పంతులు:
ప్రాస మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆ పద్యంలో పాదాల మొదట బాల, హాలి, ద్దాలి మధ్యలో "గూళల" ఉంది. ల-ళ చెల్లుతుంది. ద-డ చెల్లదు. కాబట్టి "మారడు" కొట్టేయండి.

తరి-ఖుష్కి:
అమ్మమ్మ ఉత్పలమాల చెప్పలేదు పంతులు గారూ. పైగా ఆ పద్యం చాటువు. పోతనదని చెప్పుకుంటాం, అంతే.

బమ్మెర బాట:
పోతనది కాకపోతే మరెవరిది? పాదం చివర "కందమూల కౌ" అని ఆపి, కింది పాదంలో "ద్దాలికు" అని దించడం చూడండి. గడ్డపార దిగిన చప్పుడు!

పాకాల కట్ట:
గడ్డపారా, పారా? కుద్దాలం అంటే పార అనే చెప్పాడు మా సారు.

బమ్మెర బాట:
అడవిలో కందగడ్డలు పారతో ఎవరు తీస్తారండీ? గునపమే.

పాకాల కట్ట:
నేను తీస్తాను. మా పెరట్లో చేమగడ్డ సలికె పారతోనే తీస్తాం. అన్నట్టు మేడం, పల్లం మూలలో చేమ పెట్టండి, దానికి తడి అంటే ప్రాణం.

హనుమకొండ పెరడు:
నిన్న పొద్దున గుంత తవ్వించాను. అడుగున మట్టి బూడిద రంగులో ఉంది, మురుగు కంపు. చెంబుతో తోడేసి, వంట చేసుకుని వచ్చేసరికి మళ్లీ జానెడు నీళ్లు. మా వెనక వీధి దాటితే చెరువే, కాబట్టి జాలే. కాలువ తీయాలి.
రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "మారడు" అనే అనేదట. నడుమ మాట ఏంటమ్మా అంటే నవ్వింది. "ఆమె ఎప్పుడు పూర్తిగ అన్నది? అల్క వట్టిన... అని ఆగి మీ తాత దిక్కు చూసేది."

పరకాల పంతులు:
ఒక్క ఇంటి వాడుకను పాఠంగా తీసుకోలేం.

తరి-ఖుష్కి:
చెల్కనా, చేనా అడిగారా?

హనుమకొండ పెరడు:
అడగలే.