పీఎస్‌ఏ 0.2 దాటింది, పెట్ స్కాన్ ఖాళీగా వచ్చింది: ఆగాలా, రేడియేషన్‌కు వెళ్లాలా?

యూరాలజీ_పీజీ:
క్యాన్సర్ వల్ల ప్రోస్టేట్ తీసేశాక పీఎస్‌ఏ (రక్తంలో కొలిచే ప్రోస్టేట్ ప్రోటీన్) ఆర్నెల్లకోసారి మిల్లీలీటరుకు 0.07, 0.12, 0.21 నానోగ్రాములు అనుకుందాం. పీఎస్‌ఎంఏ పెట్‌లో (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలకు అంటుకునే రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే స్కాన్) ఏమీ కనబడలేదు. "0.5 అయ్యాక మళ్లీ స్కాన్ చేయిద్దాం, చోటు తెలిశాకే రేడియేషన్" అనే వాదన సరైనదేనా?

న్యూక్లియర్_మెడిసిన్:
నేను ఆగమనే అంటాను. ఈ స్థాయిలో స్కాన్ సుమారు సగం మందిలోనే చోటు చూపిస్తుంది, పీఎస్‌ఏ 2 దాటితే పదింట తొమ్మిది మందికి పైగా. కటి భాగంలోని లింఫ్ గ్రంథిలోనో ఎముకలోనో ఉన్నదాన్ని వదిలి ప్రోస్టేట్ ఉన్న చోటుకే కిరణాలిస్తే ఏం లాభం?

రేడియేషన్_ఆంకాలజీ:
అన్నా, మీరు చెప్పిన లెక్కే మీకు అడ్డొస్తోంది. సగం మందిలో కనబడదంటే, ఖాళీ స్కాన్‌కు అర్థం జబ్బు లేదని కాదు, కంటికి అందనంత చిన్నదని. చిన్నగా ఉన్నప్పుడే కిరణాలు బాగా పనిచేస్తాయి. 2023లో వచ్చిన టిల్కి బృందం విశ్లేషణలో 0.25 దాటాక రేడియేషన్ మొదలైనవారిలో మరణాలు ఎక్కువ. యూరోపియన్ యూరాలజీ మార్గదర్శకాలూ ఖాళీ స్కాన్ చూసి చికిత్స వాయిదా వేయొద్దనే చెబుతున్నాయి. మోతాదు కూడా భయపడేంత కాదు: సాక్ 09/10 పరీక్షలో 64 గ్రే (రేడియేషన్ కొలమానం) కంటే 70 గ్రే మెరుగనిపించలేదు, పేగుల ఇబ్బందులే పెరిగాయి.

ల్యాబ్_బయోకెమిస్ట్రీ:
ముందు ఆ 0.21ని నమ్మొచ్చో లేదో చూడండి. మూడు అంకెలూ ఒకే ల్యాబ్, ఒకే యంత్రం నుంచి వచ్చాయా? కంపెనీ మారితే 0.1 దగ్గర తేడా పెద్దదే. కొందరి రక్తంలో ఉండి పరీక్షను తప్పుదారి పట్టించే హెటెరోఫైల్ యాంటీబాడీలు విలువను అబద్ధంగా పెంచుతాయి. జుట్టు కోసం వాడే బయోటిన్ కొన్ని పద్ధతుల్లో తగ్గించి చూపిస్తుంది, రక్తం ఇచ్చే ముందు ఆపాలి. 0.2 ఒక్కసారి వస్తే చాలదు, రెండోసారీ రావాలి. పీఎస్‌ఏ రెట్టింపవడానికి పట్టే కాలం ఇక్కడ సుమారు ఏడున్నర నెలలు. 0.07ని నమ్మకుండా పక్కన పెట్టినా దాదాపు అంతే వస్తుంది, కాబట్టి పెరుగుదల నిజమేనని నా అభిప్రాయం.

న్యూక్లియర్_మెడిసిన్:
ఏడున్నర నెలలైతే నా మాట వెనక్కి తీసుకుంటాను, ఏడాది లోపు రెట్టింపయ్యేది వేగమైన జబ్బే. కానీ రెట్టింపు ఏడాది దాటి, గ్లీసన్ స్కోరు (జబ్బు తీవ్రతకు కణాలను చూసి ఇచ్చే అంకె) 7 లేదా అంతకంటే తక్కువ ఉండి, రోగికి వయసు మీదపడితే గమనిస్తూ ఉండటమే మేలు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

యూరాలజీ_పీజీ:
అయితే స్కాన్ అసలు అక్కర్లేదా అండీ?

రేడియేషన్_ఆంకాలజీ:
కావాలి. పెట్ చూసి రేడియేషన్ హద్దులు గీసిన ఎంపైర్-1 పరీక్షలో మూడేళ్లకు వైఫల్యం లేనివారు 75.5 శాతం, సాధారణ స్కాన్లతో గీసినవారిలో 63. అది వేరే మందుతో తీసే ఫ్లూసిక్లోవిన్ పెట్, అయినా పాఠం ఒకటే. స్కాన్ దారి చూపాలి, దారికి అడ్డం పడకూడదు.

న్యూక్లియర్_మెడిసిన్:
ఇంకో జాగ్రత్త. స్కాన్ మందులోని గాలియం-68 మూత్రాశయంలో చేరితే దాని మెరుపు, కుట్టు పడిన చోటును కప్పేస్తుంది. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి, మూత్రం పోయించి, ఆలస్యంగా ఇంకోసారి చిత్రం తీయాలి. మరో స్కాన్ మందు ఫ్లోరిన్-18 పీఎస్‌ఎంఏ-1007 ఎక్కువగా కాలేయం ద్వారా పోతుంది గనుక ఆ బెడద తక్కువ, కానీ దానికి పక్కటెముకల్లో ఉత్తుత్తి మచ్చలు ఎక్కువ. ఒక్క మచ్చ చూసి ఎముకకు పాకిందని రాసేయకండి, సీటీలో ఆ ఎముకను పోల్చి చూడండి. హార్మోన్ ఇంజెక్షన్ మొదలెట్టాలనుకుంటే స్కాన్ అంతకుముందే పూర్తి చేయించండి.