సహదేవికి కొత్త పేరు: మొక్కను చూడాలా, డీఎన్ఏను చూడాలా?

మూలికల తోట:
పొలం గట్ల మీద, రోడ్డు పక్కన దొరికే సహదేవిని నా దగ్గరున్న పాత పుస్తకాలన్నీ వెర్నోనియా సినీరియా అంటాయి. కొత్త జాబితాల్లో సయాంథిల్లియం సినీరియం. మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో కొనైజా అన్నాడు, 1829లో వెర్నోనియా అయింది, 1990లో ఇది. మొక్క మాత్రం అదే. ఆకూ పువ్వూ చూడటం మానేసి, డీఎన్ఏ చెప్పిందని పేర్లు మార్చుకుంటూ పోతే మూలికలతో పనిచేసే మేము ఏ పుస్తకం పట్టుకోవాలి?

బోటనీ మేడం:
మీ ఇబ్బంది అర్థమవుతోందండీ, ఏటా క్లాసులో నేనూ పడుతున్నాను. కానీ 1990లో పేరు మార్చిన హెరాల్డ్ రాబిన్సన్ మొక్కల రూపం చూసే మార్చారు. డీఎన్ఏ తర్వాత వచ్చి ఆయన వైపే సాక్ష్యం చెప్పింది. వెర్నోనియా అని ఒకే గంపలో వేసిన మొక్కల్లో అమెరికా ఖండాలవి వేరు, ఆసియా, ఆఫ్రికాలవి వేరు. ఆ పేరు మొదట పెట్టింది అమెరికా మొక్కకు కాబట్టి పేరు అక్కడే ఉండిపోయింది, మన సహదేవి బయటికొచ్చింది.

సహదేవి చామంతి కుటుంబానిది, ఆ కుటుంబంలో కంటిని నమ్మి మోసపోవడం చాలా తేలిక. మనం పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూల గుంపు. వేల జాతుల్లో అదే అచ్చు. మరి ఎవరు ఎవరికి దగ్గరో ఎలా తేలుతుంది? 1987లో జాన్సెన్, పామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హరితరేణువుల (ఆకుకు పచ్చదనం ఇచ్చే కణభాగాల) డీఎన్ఏలో సుమారు 22 వేల అక్షరాల ముక్క తిరగబడి ఉండటం గమనించారు. కుటుంబమంతటా అలాగే ఉంది, దక్షిణ అమెరికాలోని బర్నడేసియా గుంపులో తప్ప. అంటే అందరికంటే ముందే వేరుపడిన శాఖ అదన్నమాట. ఏ భూతద్దం పెట్టి చూస్తే ఇది దొరికేది?

పరిశోధక విద్యార్థి:
మేడం, హరితరేణువు ఒక్కదాన్నే నమ్మితే మాత్రం దెబ్బతింటాం. అది సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తుంది. అమెరికా పడమటి ఇసుక దిబ్బల్లో పెరిగే హీలియాంథస్ అనోమలస్ అనే పొద్దుతిరుగుడు రెండు వేరే జాతులు కలిసి పుట్టింది. తల్లినే చూస్తే తండ్రి వంశం కనబడకుండా పోతుంది. కేంద్రకంలోని జన్యువులూ చూడాలి, అదీ ఒకటి కాదు, చాలా. ఇంకోటి, డీఎన్ఏ తీసిన కొమ్మను ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు భద్రపరిచే చోట, దాచాలి. మొక్కను గుర్తించడంలోనే పొరబడితే ఆ డీఎన్ఏ తప్పు పేరుకు అతుక్కుంటుంది, సరిచూసుకునే దారీ ఉండదు.

మూలికల తోట:
ఆ చివరి మాట కోసమే నేను పోట్లాడేది. సహదేవినీ, దానిలాగే కనిపించే ఎమీలియా సాంకిఫోలియా అనే మొక్కనూ పేపరు మీద పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటికీ అదే ఊదా రంగు పూగుత్తి, అదే తెల్లటి నూగు. పూగుత్తిని కింద పట్టుకున్న పచ్చ పొలుసులు ఎమీలియాకు ఒకే వరుస, సహదేవికి వరుస మీద వరుస. ఎమీలియా పై ఆకుల మొదలు కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. ఇది నేర్చుకున్నవాడికి ల్యాబ్ అక్కర్లేదు.

బోటనీ మేడం:
పచ్చి మొక్కకు అక్కర్లేదు, నిజమే. పొడికో? ఎమీలియాలో కాలేయాన్ని దెబ్బతీసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఉంటాయి. సీసాలోకి వెళ్లాక పొలుసుల వరుసలు ఎక్కడ లెక్కపెడతారు?

మూలికల తోట:
పొడి విషయంలో ఒప్పుకుంటున్నానండీ, ఆ టెన్షన్ నాకూ ఉంది. పేర్ల విషయానికొస్తే, మార్చాలంటే మార్చండి. కానీ కొత్త పేరు పక్కన పాత పేరూ తెలుగు పేరూ లేకుండా ఏ జాబితా వేయకండి. నా పుస్తకాల్లోని వైద్యమంతా ఆ పాత పేరు కిందే ఉంది.