కొత్త నర్సుకు వార్డు ఒంటరిగా ఎప్పుడు అప్పగించాలి?

మొదటి_ఏడాది: ఉద్యోగంలో చేరి 11 వారాలైంది. ఇంజెక్షను, క్యాథెటర్, డ్రెస్సింగ్ అన్నీ చేతికి వచ్చాయి. ఎనిమిది మంది రోగులు ఒక్కసారి పిలిస్తే మాత్రం ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచదు. అప్పుడే ఒంటరిగా రాత్రి డ్యూటీ వేశారు. ఇది సబబేనా?

పాత_వార్డు: నన్ను మూడో రోజే వేశారు. ఏడుస్తూనే నేర్చుకున్నాను. నీళ్లలో దిగనిదే ఈత రాదు.

బోధకురాలు: ఇక్కడ మునిగేది ఈత నేర్చేవారు కాదు, రోగి. చదరంగం ఆటగాళ్లు, పైలట్ల మీద డ్రైఫస్ సోదరులు చేసిన పరిశీలనను అమెరికా నర్సింగ్ అధ్యాపకురాలు ప్యాట్రీషియా బెన్నర్ నర్సింగ్‌కు అన్వయించి, 1984లో వచ్చిన తన పుస్తకంలో కొత్తవారి నుంచి నిపుణుల దాకా నైపుణ్యం పెరిగే ఐదు మెట్లు వివరించారు. ఒకే తరహా పనిలో రెండు మూడేళ్లు గడిస్తే గానీ మూడో మెట్టయిన సమర్థత రాదన్నారు. ఈ అమ్మాయి రెండో మెట్టు మీద ఉంది. నియమాలన్నీ తెలుసు, వాటిలో ఏది ముందో తెలియదు. అది ఆమె లోపం కాదు.

పాత_వార్డు: రెండేళ్లు చెయ్యి పట్టుకుని నడిపించాలా?

బోధకురాలు: ఆ మాట నేను అనలేదు.

పాత_వార్డు: రెండేళ్లని మీరే రాశారు. మొన్న నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి చార్టులో వరుసగా ఆరు మంచాలకు శ్వాస 18 అని రాసింది. నాలుగో మంచం దగ్గర నిలబడి నిండా నిమిషం లెక్కపెట్టాను. 32. పరిస్థితి విషమిస్తోందని చాలాసార్లు ముందుగా చెప్పేది ఊపిరే. దాన్ని లెక్కపెట్టడానికి ఏ మెట్టు ఎక్కాలి?

వెళ్తూ_చదివాను: ఆ అమ్మాయితో ఏమన్నారు?

పాత_వార్డు: అందరి ముందూ అరిచాను. అరవనా మరి?

మొదటి_ఏడాది: పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా సిరలోకి ఎక్కించకూడదని నాకు తెలుసు. ఎంత సెలైన్‌లో కలపాలో సరిచూసుకుందామని అడిగితే, "ఇది కూడా చదవలేదా" అని రోగి ఎదుటే అన్నారు. ఆ తర్వాత మూడు వారాలు ఎవరినీ ఏమీ అడగలేదు. అడగని ఆ మూడు వారాలే ప్రమాదకరమైనవి, సిస్టర్.

బోధకురాలు: పాత_వార్డు గారూ, మీలాంటివారి వల్లే పిల్లలు ఈ వృత్తి వదిలిపోతున్నారు.

పాత_వార్డు: నా వల్లా? ఆ అమ్మాయిని నాకు అప్పగించిన రోజు నా తొమ్మిది మంది రోగుల్లో ఒక్కరినైనా తగ్గించారా? మందు ఆలస్యమైతే సంజాయిషీ నాది. ఆమె పొరపాటు చేస్తే చార్టు కింద సంతకం నాది. నేర్పడం నాకిష్టమే. నేర్పే గంట ఎక్కడుందో చూపించండి.

బోధకురాలు: ఆ మాట మొదటే అనాల్సింది. పక్కన అనుభవజ్ఞులు ఉండాలని తరగతిలో చెబుతాను, వారి పని ఎవరు పంచుకోవాలో చెప్పను. ఆ తప్పు నాది. కానీ ఆ పోట్లాట పర్యవేక్షకులతో పడాలి. అమ్మాయి మీద అరిచింది మాత్రం తప్పే.

పాత_వార్డు: తప్పే. ఆమెతో మాట్లాడతాను.

మొదటి_ఏడాది: నాకు ఈ రాత్రే డ్యూటీ.

పాత_వార్డు: రోగులను అప్పగించుకోగానే అన్ని మంచాలూ ఒకసారి చుట్టిరా. కొత్తగా మగతగా ఉన్నవారు, ఊపిరి వేగం పెరిగినవారు, మూత్రం తగ్గినవారు ముందు. మిగతా పని తర్వాత. అనుమానం వస్తే సీనియర్‌ను పిలువు.

మొదటి_ఏడాది: విసుక్కుంటే?

పాత_వార్డు: విసుక్కోనివ్వు. ఎన్ని గంటలకు పిలిచావో చార్టులో రాసిపెట్టు.