చిల్లై కలాన్‌ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. చలికాలంలో కశ్మీర్ వార్తల్లో "చిల్లై కలాన్" అనే మాట ఏటా కనబడుతోంది. అక్కడ చలి బాగా ముదిరే నలభై రోజులకు ఆ పేరట. కొందరు "తీవ్ర చలికాలం" అని రాస్తున్నారు, కొందరు అలాగే వదిలేస్తున్నారు. తెలుగులో దీనికి తగిన మాట ఉందా? ఇంకో సందేహం కూడా. 2024 జనవరిలో చిల్లై కలాన్ సగం గడిచినా మంచు పడలేదని, జనం ఆందోళన పడుతున్నారని చదివాను. పైన "మంచు కరువు" అని హెడ్డింగ్. టూరిస్టులు నిరాశపడ్డారంటే సరే, కరువు అనేంత పెద్ద మాట వాడాలా?

జవాబు:
రెండో సందేహం ముందు తీసుకుంటానండీ. అది తేలితే మొదటిదానికి మాట వెతకడం సులువు.

మనకు మంచు పడకపోతేనే హాయి. మాది నూజివీడు వైపు. మామిడి పూత మీదున్న రోజుల్లో తెల్లారేసరికి తోటంతా మంచు కమ్మిందంటే రైతుకి టెన్షనే. తేనెమంచు పురుగు చేరి పూతలో రసం పీల్చేస్తుంది. ఆకులు జిగటగా మెరుస్తాయి, ఆ జిగట మీద నల్లటి మసి పడుతుంది, కొమ్మ కదిపితే పూత జలజలా రాలుతుంది. పురుగు పేరులోనే మంచు ఉంది చూడండి. ఇక్కడ ఇలా ఉంటే, అదే జనవరిలో కశ్మీర్‌లోని షోపియాన్ యాపిల్ రైతు మంచు పడాలని మొక్కుకుంటుంటాడు. పొగమంచునీ, గడ్డి మీది మంచు బొట్టునీ, కొండల మీద పేరుకునే మంచునీ మనం ఒకే మాటతో పిలుస్తాం. అందుకే "మంచు పడలేదు" అని చదవగానే మనకు పీడ వదిలిందనే తోస్తుంది.

అక్కడ చలికాలపు తడి చాలావరకు మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బుల వ్యవస్థలు, అంటే వెస్ట్రన్ డిస్టర్బెన్స్‌లు, తెచ్చిపెట్టేదే. అవి ముఖం చాటేస్తే మబ్బులుండవు. పగలు ఎండ కాస్తుంది. రాత్రి నేలలోని వేడంతా ఆకాశంలోకి పోయి కుళాయి పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి. చలి పడతారు గానీ దాని ఫలం దక్కదు. దీన్ని పొడిచలి అంటే బాగుంటుందని నా అభిప్రాయం.

ఆ నలభై రోజుల్లో పడ్డ మంచు గట్టిపడి కొండల మీద వేసవి దాకా నిలుస్తుంది. మెల్లగా కరుగుతూ ఊటలకూ జీలం నదికీ వరిమళ్ళకూ నీళ్ళిస్తుంది. ఫిబ్రవరి దాటాక పడేది అలా పడి ఇలా కరిగిపోతుంది. పైగా చలి ముందే సడలితే యాపిల్ మొగ్గ తొందరపడి విచ్చుకుంటుంది, తర్వాత ఒక్క చలిరాత్రి వచ్చినా మాడిపోతుంది. 2024లో మంచు ఆటలకు పేరున్న గుల్‌మార్గ్ వాలుల మీద జనవరి నెలాఖరు దాకా ఎండుగడ్డే కనిపించింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. ఆటలు వాయిదా వేసుకోవచ్చు. కానీ అదే ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లాలో అచ్ఛబల్ ఊట ఎండిపోయింది. మొఘలుల కాలపు తోటలో పారే ఊట అది, చుట్టుపక్కల ఊళ్ళకు తాగునీరు. అలాంటి ఊట ఎండిపోయిన చోట కరువు అనడం సరైన మాటే.

2024లో అక్కడి మసీదుల్లో ఇస్తిస్కా నమాజు చేశారు. నీళ్ళ కోసం దేవుణ్ణి వేడుకునే నమాజు అది. మన ఊళ్ళలో కప్పతల్లిని తిప్పడం, విరాటపర్వం చదివించడం ఎందుకో, అదీ అందుకే.

ఇక మాట సంగతి. చిల్లా అంటే నలభై రోజులు, పారసీ మూలం. హైదరాబాద్ వాళ్ళకు చెహ్లుం తెలుసు కదా, అదీ ఆ నలభయ్యే. కలాన్ అంటే పెద్ద, ఖుర్ద్ అంటే చిన్న. తెలంగాణలో ఊళ్ళ పేర్ల చివర ఈ రెండూ వింటూనే ఉంటాం. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజులు చిల్లై కలాన్. తర్వాతి ఇరవై చిల్లై ఖుర్ద్, ఆ పైన పది చిల్లై బచ్చా. మన భాషలో నలభై రోజులకు మండలం అనే మాట సిద్ధంగా ఉంది. "మండలం రోజులు మందు వాడాలి" అనడం ఆయుర్వేద వైద్యుల దగ్గర ఇప్పటికీ వింటాం. దీక్షల్లో అర్ధమండలం కూడా ఉంది, అది ఇరవై రోజుల ఖుర్ద్‌కి పనికొస్తుంది.

మరో సభ్యురాలు:
మండలం అర్థానికి సరిపోతుంది గానీ పత్రికలో కష్టం మాస్టారూ. 1985 నుంచి మండలమంటే తహసీల్దారు ఆఫీసే గుర్తొస్తుంది. "శీత మండలం" అంటే భూగోళం పాఠంలోకి పోతుంది. కార్తె అంటే? చలికి ఎదురుచూడటం, పంటకు లెక్కకట్టడం అన్నీ కార్తెలో ఉన్నాయి.

జవాబు:
కార్తె భావం నాకూ నచ్చిందమ్మా. అయితే ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులే. డిసెంబరు 21 నుంచి నలభై రోజులంటే మూల మధ్యలో మొదలై, రెండు ఆషాఢలూ దాటి శ్రవణంలోకి పోతుంది. అందుకని "చలి నలభై" అందాం. మొదటిసారి చిల్లై కలాన్ అని రాసి, పక్కనే చలి నలభై అని చెబితే తర్వాత అదే వాడుకోవచ్చు.

ఇంకొకరు:
ఒకటి చేరుస్తాను. కశ్మీరీలో నేల మీద పడే మంచు శీన్. గడ్డకట్టినది అనే అర్థం గల సంస్కృత "శీనం" నుంచి వచ్చింది. మొదటి మంచు పడ్డ రోజున శీన్ ముబారక్ చెప్పుకుంటారు. ఆ మంచు కాస్త పొట్లం కట్టి స్నేహితుడి చేతిలో పెట్టడం పాత సరదా. తెలియక అందుకున్నవాడు విందు ఇవ్వాలి. కశ్మీర్ గురించి చెప్పే పాత గ్రంథం నీలమత పురాణంలోనే తొలి హిమపాతానికి పండగ చెప్పారు. ఆ రోజుకి తెలుగులో ఏమందాం?

జవాబు:
తొలకరి మంచు అందామండీ. తొలకరి అనగానే మనకు వానే గుర్తొస్తుంది గానీ, ఆ మాట తొలుకారు నుంచి వచ్చింది. కారు అంటే కాలం. ఆ లెక్కన మంచుకీ చెల్లుతుంది. పైగా ఎదురుచూసి ఎదురుచూసి చివరికి పడిందన్న సంతోషం ఆ మాటలో ఎప్పట్నుంచో ఉంది.