పాత గ్యాస్ స్టేషన్‌లో టిఫిన్ సెంటర్ పెట్టొచ్చా? పాత బంకులు, కార్ల షోరూముల గురించి మీ అనుభవాలు చెప్పండి

ఓహాయో వంటిల్లు
అందరికీ నమస్కారం. మేం ఓహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. నేనూ మా తోటికోడలూ కలిసి గుడిలో కార్యక్రమాలకు టిఫిన్లు చేసిపెడుతుంటాం. ఇప్పుడు సొంతంగా చిన్న టిఫిన్ సెంటర్ పెడదామని చోటు వెతుకుతుంటే, మెయిన్ స్ట్రీట్ చివర మూతపడిన పాత గ్యాస్ స్టేషన్ ఒకటి అద్దెకు ఉందని తెలిసింది. పంపులు ఎప్పుడో తీసేశారు. చూస్తే బంకులా అనిపించదు, బొమ్మరిల్లులా ఉంటుంది. ఏటవాలుగా దిగే నీలం పెంకుల కప్పు, రెండు చివరలా పొగగొట్టాలు, ముందు గదికి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ. పక్కనే కార్లు బాగుచేసే గది. నాకు చూడగానే నచ్చేసింది. మావారికి మాత్రం టెన్షన్. "బంకు స్థలం, ముందు కనుక్కో" అంటున్నారు. ఇలాంటి పాత బంకులు, పాత షోరూముల్లో పనిచేసినవాళ్లు, ఉన్నవాళ్లు, వాటిని దగ్గర నుంచి చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాతకార్లప్రియ
మీరు చెప్పిన గుర్తులన్నీ ప్యూర్ ఆయిల్ కంపెనీ బంకువే. నీలం కప్పు, పొగగొట్టాలు చూస్తే దాదాపు ఖాయం. 1927లో సి.ఎ. పీటర్సన్ అనే ఆయన ఆ కంపెనీ కోసం ఇంగ్లిష్ పల్లెటూరి ఇల్లులాంటి నమూనా గీశారు. కారణం ఏమిటంటే, అప్పట్లో బంకులంటే రేకుల షెడ్లు. ఇళ్ల మధ్య అలాంటివి కడితే చుట్టుపక్కలవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. బంకే ఇల్లులా ఉంటే గొడవ తగ్గుతుంది, పైగా ఆ నీలం కప్పు దూరం నుంచే కంపెనీని గుర్తు పట్టించేస్తుంది. 1965లో ప్యూర్ ఆయిల్ యూనియన్ ఆయిల్‌లో కలిసిపోయింది కానీ, ఆ ఇళ్లు మాత్రం చాలా ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

బిల్డింగే బోర్డుగా పనిచేయాలన్నది ఆ రోజుల్లో అన్ని కంపెనీల ఆలోచన. మొదట్లో పెట్రోలు కిరాణా కొట్లలో డబ్బాల్లో కొనుక్కునేవాళ్లు, తర్వాత రోడ్డు పక్కన పంపులు వచ్చాయి. 1913 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో గల్ఫ్ అనే పెట్రోలు కంపెనీ ఆర్కిటెక్ట్ చేత గీయించి, కార్లు లోపలికి వచ్చి ఆగేలా ఒక స్టేషన్ కట్టింది. మొదటిరోజు అమ్ముడుపోయింది 30 గ్యాలన్లు, గ్యాలన్ 27 సెంట్లు. ఆ తర్వాత పోటీ మొదలైంది. విస్కాన్సిన్‌లో వాడమ్స్ కంపెనీ బంకులకు ఎర్రటి పగోడా కప్పులు పెట్టింది. 1927లో కట్టినదాన్ని ఒకటి వెస్ట్ ఆలిస్‌లో మ్యూజియంగా కాపాడుకుంటున్నారు. నార్త్ కరోలినాలోని విన్‌స్టన్ సేలంలో ఏకంగా గవ్వ ఆకారంలోనే షెల్ బంకు ఉంది. అలాంటివాటిలో మిగిలింది అదొక్కటే.

1937లో టెక్సాకో అనే పెట్రోలు కంపెనీ కోసం వాల్టర్ డోర్విన్ టీగ్ గీసిన డిజైన్‌తో ఈ ముచ్చట్లకు తెర పడింది. తెల్లటి ఎనామిల్ పలకలు, పైన మూడు ఆకుపచ్చ గీతలు, పెట్టెలాంటి ఆకారం. నీళ్లు కొట్టి కడిగేస్తే కొత్తదైపోతుంది. దేశమంతా అదే కట్టారు. నాకు అవి కూడా ఇష్టమే. కానీ మీకు దొరికింది అంతకుముందు తరానిది. దయచేసి ఆ కప్పు మార్చనివ్వకండి.

నేలకింద ఇంజనీర్
మేడమ్, మీవారు చెప్పింది వినండి. నేను పర్యావరణ కన్సల్టెంట్‌ని, పాత బంకుల కింద మట్టి పరీక్షలు చేయించడమే నా పని. కప్పు సంగతి తర్వాత. బంకు మళ్లీ బతుకుతుందా లేదా అన్నది నేల కింద ఉన్నదే తేలుస్తుంది.

పాతకాలంలో ట్యాంకులంటే పూతలేని ఉక్కువి. తేమకు తుప్పుపట్టి కారేవి. పెట్రోలులోని బెంజీన్ అనే విష రసాయనం మట్టిలోకి, అక్కడి నుంచి భూగర్భజలంలోకి దిగుతుంది. అమెరికాలో 1988లో ట్యాంకులకు కొత్త రూల్స్ వచ్చాయి. 1998 డిసెంబరు 22 లోపు పాత ట్యాంకుల్ని మార్చాలి, లేదా మూసేయాలి. చిన్న ఊళ్లలో సొంతంగా నడుపుకునే బంకులకు అంత ఖర్చు ఎక్కడిది? చాలామంది అప్పుడే మూసేశారు. ఇప్పటివరకు దేశంలో 15 లక్షలకు పైగా ట్యాంకులు మూతపడ్డాయి. మెయిన్ స్ట్రీట్లలో ఖాళీగా కనిపించే బంకుల్లో చాలావాటి కథ ఇదే.

ఓహాయోలో ట్యాంకుల రికార్డులు ఫైర్ మార్షల్ కింద ఉండే బస్టర్ అనే విభాగంలో ఉంటాయి. అడ్రస్ ఇచ్చి మూడు అడగండి. ట్యాంకులు తవ్వి తీశారా, లేక ఇసుకో కాంక్రీటో నింపి అక్కడే వదిలేశారా? తీసినప్పుడు మట్టి పరీక్ష చేశారా? ఇక చేయాల్సిన పనేమీ లేదని చెప్పే నో ఫర్దర్ యాక్షన్ లెటర్ ఇచ్చారా? ఆ లెటర్ కళ్లతో చూసేదాకా లీజు మీద సంతకం పెట్టకండి.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. కార్లు బాగుచేసే గదిలో నేల కింద, కారును పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ ఉండే అవకాశం ఉంది. దాని నూనె కూడా కారుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌కు విడిగా ఇంకో ట్యాంకు ఉండేది. వంటగది పెట్టాలనుకునేది ఆ గదిలోనే కదా?

ఓహాయో వంటిల్లు
అవునండీ, ఆ గదిలోనే. ముందు గది పదిమంది కూర్చునేంత కూడా లేదు. లిఫ్ట్ సంగతి నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్.

ప్యాకర్డ్స్ కార్నర్
షోరూముల గురించి నేను చెప్తాను. బోస్టన్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు ప్యాకర్డ్స్ కార్నర్ అనే స్టాపు దగ్గర అద్దెకు ఉండేవాణ్ణి. 1910లో అక్కడ ఆల్వన్ ఫుల్లర్ అనే డీలర్ ప్యాకర్డ్ కార్ల షోరూమ్ కట్టించాడు. సైకిళ్లు అమ్ముతూ మొదలుపెట్టిన మనిషి, తర్వాత మసాచుసెట్స్ గవర్నర్ కూడా అయ్యాడు. బిల్డింగ్ గీసింది ఆల్బర్ట్ కాన్, డెట్రాయిట్‌లో చాలా కార్ల ఫ్యాక్టరీలు గీసినాయన. ఇప్పుడు అందులో అపార్ట్‌మెంట్లు.

మా క్లాస్‌మేట్ అక్కడ ఉండేవాడు, చాలాసార్లు వెళ్లాను. అసలు గొప్ప ఏంటంటే ఆ పై అంతస్తులు. అప్పటి డీలర్లు కింద షోరూమ్ పెట్టి, పైన సర్వీసు, స్పేర్ పార్టులు, కార్ల గోడౌను పెట్టేవాళ్లు. కారునే పైకి ఎక్కించే లిఫ్ట్ ఉండేది. అంత బరువు మోయాలి, నిప్పు అంటుకోకూడదు. అందుకని బలమైన కాంక్రీటు స్తంభాలు, వాటి మధ్య బోలెడంత ఖాళీ. మెకానిక్‌లకు వెలుతురు కోసం గోడంత కిటికీలు. ఇవన్నీ ఇళ్లకు, ఆఫీసులకు, కాలేజీలకు సరిగ్గా సరిపోయాయి. అదే రోడ్డులో ఫుల్లర్ కట్టిన క్యాడిలాక్ బిల్డింగ్ తర్వాత బోస్టన్ యూనివర్సిటీ చేతికి వచ్చింది. ముందువైపు టెర్రకోట పువ్వులు అందరూ ఫోటోలు తీస్తారు కానీ, ఆ బిల్డింగులు నిలిచింది వెనకున్న కాంక్రీటు వల్లే.

సియాటెల్ వాన
మా దగ్గరా అంతే. క్యాపిటల్ హిల్‌లో పైక్ స్ట్రీట్ ఒకప్పుడు కార్ల వీధి. 2014లో స్టార్‌బక్స్ కాఫీ గింజలు వేయించే పెద్ద రోస్టరీ తెరిచింది కదా, అది 1920 నాటి ప్యాకర్డ్ షోరూమే. 2025లో దాన్ని మూసేశారు. అంతకుముందు మన ఊరి నుంచి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్లేవాళ్లం, కానీ పైకి తలెత్తి చూసేవాళ్లు తక్కువ. దగ్గర్లోనే ఉన్న ఎలియట్ బే పుస్తకాల షాపు పాత ట్రక్కుల సర్వీస్ షెడ్డులో ఉంది. పెద్ద పెద్ద కలప దూలాలు, ఎత్తైన కప్పు. నేను గంటలు గంటలు కూర్చునే చోటు అది.

ఒక్కటి మాత్రం నాకు బాధ. ఈమధ్య కొన్నిచోట్ల ముందు గోడ ఒక్కటే ఉంచి, వెనకదంతా పడగొట్టి ఏడంతస్తులు లేపుతున్నారు. దాన్ని కాపాడటం అనకూడదు. పైన రాసినట్టు అసలు బిల్డింగ్ వెనకే ఉంది. అదే పోయాక మిగిలేది ముసుగు.

ప్యాకర్డ్స్ కార్నర్
నిజం. రెండో బతుకు కూడా శాశ్వతం కాదు లెండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాన్‌నెస్ అనే రోడ్డు మీద డాన్ లీ అనే డీలర్ 1921లో కట్టిన క్యాడిలాక్ షోరూమ్ 1998లో మల్టీప్లెక్స్ అయింది. దాన్ని 2019లో మూసేశారు. బిల్డింగ్ మాత్రం అలాగే ఉంది.

అస్మరా మాస్టారు
నేను ఆఫ్రికాలోని ఎరిట్రియాలో కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. మనవాళ్లు చాలామంది అక్కడ, ఇథియోపియాలో లెక్చరర్లుగా చేసినవాళ్లే. అస్మరాలో ఫియట్ తాలియెరో అని ఒక బంకు ఉంది. 1938లో, ఇటలీ పాలనలో, జుసెప్పె పెట్టాజ్జి గీశాడు. విమానం ఆకారం. రెండు వైపులా 15 మీటర్ల చొప్పున కాంక్రీటు రెక్కలు, కింద ఒక్క స్తంభం లేదు. ఆఫీసర్లు నమ్మక రెక్కల కింద కర్రలు పెట్టించారట. ప్రారంభం రోజున ఆయన తుపాకీ చూపించి మరీ కర్రలు తీయించాడని అక్కడ అందరూ చెప్పే కథ. అన్నేళ్ల యుద్ధంలో కూడా ఆ రెక్కలు పడలేదు. 2017లో అస్మరా నగరాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ రోజు నా పాత స్టూడెంట్లు మెసేజ్‌లు పెడుతుంటే ఎంత సంతోషమేసిందో.

మాంట్రియల్ చలి
వంటిల్లు గారూ, మా ఊళ్లో నన్స్ ఐలాండ్ బంకు గురించి చదవండి, మీకు ధైర్యం వస్తుంది. మీస్ వాన్ డెర్ రో అంతటి ఆర్కిటెక్ట్ ఎస్సో అనే పెట్రోలు కంపెనీ కోసం గీసినది, 1969లో పూర్తయింది. పొడవాటి నల్లటి ఉక్కు కప్పు, దాని కింద రెండు గాజు గదులు, అంతే. 2008లో మూసేస్తే 2011కల్లా కమ్యూనిటీ సెంటర్‌గా మార్చారు. ఒక గది పెద్దవాళ్లకు, ఒకటి కుర్రవాళ్లకు. పంపులున్న చోట ఇప్పుడు గాలి పీల్చే గొట్టాలు నిలబెట్టారు. భూగర్భంలో పైపులు వేసి, ఆ నేల వేడితోనే బిల్డింగ్‌ను వెచ్చగా ఉంచుతున్నారు. మా అమ్మగారు వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. ఇది పెట్రోల్ బంకు అంటే ఒక పట్టాన నమ్మలేదు.

వైజాగ్ వాసి
మన దగ్గర బంకు బిల్డింగ్‌ని ఎవరూ పట్టించుకోరు. ఎస్సో 1974లో హెచ్‌పీ (హిందుస్థాన్ పెట్రోలియం) అయింది, బర్మా షెల్ 1976లో ప్రభుత్వం చేతికొచ్చి తర్వాత భారత్ పెట్రోలియం అయింది. 1957లో మొదలైన మా కాల్టెక్స్ రిఫైనరీ కూడా హెచ్‌పీలో కలిసింది. కంపెనీ మారినప్పుడల్లా రంగులు మార్చారు, తర్వాత పాత గదులు పడగొట్టి పెద్ద కానోపీలు వేశారు. పాత ఫోటోలైనా ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, ప్లీజ్.

టెక్సాస్ రోడ్లు
రూట్ 66 అనే పాత హైవే మీద షామ్రాక్ అనే ఊళ్లో 1936 నాటి కొనొకో బంకు ఉంది, యూ డ్రాప్ ఇన్ అంటారు. ఎత్తైన టవరు, ఆకుపచ్చ, బంగారు రంగు టైల్స్. ఊరివాళ్లు బాగుచేసి విజిటర్ సెంటర్‌గా మార్చారు. అక్కడే టెస్లా చార్జర్లు కూడా పెట్టారు. మేం పిల్లలతో వెళ్తూ అక్కడే ఆగి చార్జింగ్ పెట్టుకున్నాం.

వంటిల్లు గారికి ఒక డబ్బు మాట. బిల్డింగ్ నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాబితాలో ఉంటే, వాళ్ల నియమాల ప్రకారం బాగుచేస్తే, ఖర్చులో 20 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఉంటుంది. అయితే అద్దెకున్నవాళ్లు తీసుకోవాలంటే లీజు కనీసం 39 ఏళ్లు ఉండాలి. కాబట్టి ఆ లెక్క ఓనర్‌కు చెప్పి, మరమ్మతులు ఆయన చేతే చేయించే ప్రయత్నం చేయండి.

ఓహాయో వంటిల్లు
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రికార్డులు తెప్పించాం. ట్యాంకులు 1990ల్లోనే తవ్వి తీశారట, మట్టి పరీక్ష ఉంది, లెటర్ కూడా ఉంది. లిఫ్ట్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఓనర్ పెద్దాయన మంచివారే, నేల పగలగొట్టి చూడ్డానికి ఒప్పుకున్నారు. కప్పు జోలికి వెళ్లబోమని మేమూ మాటిచ్చాం.

నేలకింద ఇంజనీర్
చాలా మంచి వార్త. పగలగొట్టేటప్పుడు మీ తరఫున కూడా ఒకరు ఉండి మట్టి శాంపిల్ తీయించుకోండి. ఆ ఖర్చు ఓనర్‌దని ముందే లీజులో రాయించండి. లెటర్‌లో షరతులు ఏమైనా ఉన్నాయేమో, ముఖ్యంగా బోరు నీళ్లు వాడకూడదని ఉందేమో చూడండి. ఊరి కుళాయి నీళ్లయితే మీకు ఇబ్బంది లేదు. రిపోర్టు వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెడితే చదివి చెప్తాను.