డిసెంబరు చివర్లో టీనేజీ పిల్లలతో నాలుగు రోజులు: ఢిల్లీనా, కోల్‌కతానా?

గోదావరి నాన్న, రాజమండ్రి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. డిసెంబరు 24న బయల్దేరి 29 పొద్దున్నకల్లా ఇంటికి చేరాలి. సంక్రాంతికి ఎలాగూ అమ్మమ్మగారి ఊరే, అందులో మార్పు లేదు. ఈలోగా ఒక పెద్ద నగరం చూపిద్దామని ఆలోచన. మా ఆవిడ ఢిల్లీ, కుదిరితే ఆగ్రా కూడా అంటోంది. నాకేమో కోల్‌కతా మీద మనసుంది. పిల్లల్ని అడిగితే, "ఎక్కడికైనా సరే, పొద్దున్నే ఐదింటికి లేపి వరసపెట్టి తిప్పొద్దు" అన్నారు.

నా ప్రశ్నలు రెండు. ఆ రోజుల్లో ఏ ఊరు మంచిది? ప్లాన్ మనం వేయాలా, పిల్లలకే వదిలేయాలా? రైలు రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజులు కాదు, 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే 24వ తేదీ టికెట్లు అక్టోబరు 25 పొద్దున ఎనిమిదింటికి. ఆలోపు తేల్చుకోవాలి.

సికింద్రాబాద్ అమ్మ

నా ఓటు ఢిల్లీకే, మీ ఆవిడగారి మాటే నా మాట. ఎనిమిదో తరగతి పిల్లవాడు సాంఘికశాస్త్రంలో చదివేదంతా అక్కడ కళ్లెదుట ఉంటుంది. కుతుబ్ మినార్ కింద నిలబడి 73 మీటర్లు తలెత్తి చూడటం వేరు, పుస్తకంలో బొమ్మ చూడటం వేరు. హుమాయూన్ సమాధి చూశాక తాజ్‌మహల్ చూస్తే ఒకదాని తర్వాత ఒకటి ఎలా వచ్చాయో పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇండియా గేట్ పక్కనే 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది, అక్కడ గోడల మీద సైనికుల పేర్లు చదువుతూ మా వాడు ఎంతసేపు ఉండిపోయాడో. మెట్రో ఉంది కాబట్టి ఊరంతా తిరగొచ్చు. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ కూడా లేదు, మీ అబ్బాయి ఆధార్ దగ్గర పెట్టుకోండి చాలు.

ఇక ప్లాన్ విషయం. డబ్బు పెట్టేది మనం, తిరిగి క్షేమంగా తీసుకురావాల్సింది మనం. పిల్లలకు వదిలేస్తే మాల్‌కి వెళ్లి కూర్చుంటారు. హైదరాబాద్‌లో లేని మాల్ ఢిల్లీలో ఏముంది?

నోయిడా తెలుగు

ఢిల్లీ పక్కనే ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా. మేడమ్ చెప్పినవన్నీ చూడాల్సినవే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ డిసెంబరు ఆఖరి వారంలో, అదీ నాలుగు రోజుల కోసం రావద్దు.

ఆ వారం నుంచి జనవరి సగం దాకా ఇక్కడ పొగమంచు పట్టుకుంటుంది. గాలి కదలదు, రాత్రి నేల చల్లబడుతుంది, గంగా యమునా మైదానమంతా తేమ అలాగే నిలిచిపోతుంది. ఎయిర్‌పోర్టులో మంచులో దిగడానికి పరికరాలున్నా, ఆ విమానానికీ పైలట్‌కీ కూడా ఆ అర్హత ఉండాలి. పొద్దున ఒక విమానం ఆలస్యమైతే ఆ విమానమే నడవాల్సిన తర్వాతి సర్వీసులన్నీ ఆలస్యం. రైళ్లు ఆగ్రా దాటాక పాకుతూ వస్తాయి. పది రోజులు సెలవు ఉన్నవాళ్లకు ఒక పూట పోయినా సర్దుకుంటుంది. మీకు పోతే ట్రిప్పులో ఎనిమిదో వంతు పోయినట్టే.

గాలి సంగతి పిల్లల తల్లిదండ్రులుగా మీరు ఆలోచించాలి. మన దేశపు గాలి నాణ్యత సూచీ ప్రకారం 301 నుంచి 400 దాకా 'చాలా అధ్వానం', ఆపైన 'తీవ్రం'. డిసెంబరులో ఆ అంకెలు ఇక్కడ మామూలే. మీ పిల్లల్లో ఎవరికైనా ఆయాసం ఉంటే అసలు ఆలోచనే వద్దు.

ఆగ్రా గురించి కూడా. మంచు గట్టిగా పడిన రోజు తాజ్ పెద్ద దర్వాజా దాటాక ఎదురుగా తెల్లటి తెర తప్ప ఏమీ కనబడదు, ఎండ పొడిచేదాకా గుమ్మటం ఎక్కడుందో తెలియదు. తెల్లవారుజామున కారులో ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్లడం ఆ రోజుల్లో ప్రమాదం కూడా. పైగా తాజ్‌కి శుక్రవారం సెలవు, మీరు అక్కడుండే మొదటి రోజు శుక్రవారమే. ఫిబ్రవరి చివర్లో రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

సికింద్రాబాద్ అమ్మ

ఫిబ్రవరిలో పిల్లలకు పరీక్షలు కాదా అండీ? అమ్మాయి ఇంటర్. వీలున్నప్పుడే వెళ్లాలి మరి. కోల్‌కతా గాలి మాత్రం అంత శుభ్రమా, చలికాలంలో అక్కడా మసకే.

ఇంటర్ లెక్చరర్, గుంటూరు

ఇంటర్ పిల్లని డిసెంబరులో ఎక్కడికీ తీసుకెళ్లవద్దనే నా సలహా. రివిజన్ మొదలయ్యే టైమ్. ఐదు రోజులు గాడి తప్పితే మళ్లీ పట్టాలెక్కడానికి పది రోజులు పడుతుంది.

వైజాగ్ టీచరమ్మ

లెక్చరర్ గారూ, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి జూన్ నుంచి పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఏడింటికి ఇంటికొస్తూ ఉంటుంది. ఆదివారం కూడా టెస్టు. ఫస్టియర్‌లో నాలుగు రోజులు అమ్మానాన్నలతో, తమ్ముడితో గడిపితే పోయే మార్కులు ఏమీ లేవు. రెండేళ్లు పోతే ఆ పిల్ల ఏ హాస్టల్లో ఉంటుందో. నలుగురూ కలిసి ప్రయాణం చేసే అవకాశం ఇక ఎన్నిసార్లు వస్తుంది? తీసుకెళ్లండి నాన్నగారూ.

ప్లాన్ ఎవరిదన్నదానికి నా మాట: ఊరు, తేదీలు, టికెట్లు, బస మీవి. రోజులు వాళ్లవి. మాల్‌కి పోతారన్న భయం నాకు అర్థమవుతుంది, కానీ పిల్లలు మాల్‌కి పోయేది మనం వాళ్లకు ఊరి గురించి ఏమీ చెప్పకుండా "ఎక్కడికి పోదాం?" అని అప్పటికప్పుడు అడిగినప్పుడు. నెల ముందే మ్యాప్ చేతికివ్వండి. ఒక్కొక్కరికి ఒక పూర్తి రోజు అప్పజెప్పండి. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎన్నింటికి తెరుస్తారు, ఎంతవుతుంది, తిండి ఎక్కడ, అన్నీ వాళ్లే చూడాలి. ఆ రోజుకు ఖర్చు డబ్బు కూడా వాళ్ల చేతిలోనే. మా స్కూల్ పిల్లలతో ఊళ్లు తిరిగేటప్పుడు చూస్తుంటాను: తాను ఎంచుకున్న చోట ఎండలో నిలబెట్టినా సణగరు, మనం ఎంచుకున్న చోట ఏసీలో కూర్చోబెట్టినా ఫోన్ తీస్తారు.

రోజుకు పెద్దది ఒక్కటే పెట్టుకోండి. మ్యూజియం అయితే రెండు గంటలు, అంతకు మించితే ఎంత మంచి మ్యూజియమైనా కాళ్లనొప్పే గుర్తుంటుంది.

ఖరగ్‌పూర్ తెలుగోడు

మా తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమి. కోల్‌కతా మాకు పక్కింటితో సమానం. కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మొదట ప్రయాణం. రాజమండ్రిలో మధ్యాహ్నం కోరమాండల్ ఎక్కితే మర్నాడు పొద్దుటిపూటే దిగుతారు. రాత్రంతా నిద్ర, ఒక్క పూట కూడా వృథా కాదు. ఇప్పుడు అది హౌరాకి కాదు, షాలిమార్‌కి వస్తుంది, స్టేషన్ నుంచి ట్యాక్సీ తప్పదు. 12 నిండిన పిల్లలకు పూర్తి టికెట్టే, నాలుగు బెర్తుల లెక్కే వేసుకోండి. గది కూడా రెండు తీసుకోండి. ఆ వయసు అక్కాతమ్ముళ్లనీ మిమ్మల్నీ ఒకే గదిలో కుక్కితే రెండో రోజుకే గొడవలు. క్రిస్మస్‌కి దీపాలు పెట్టే పార్క్ స్ట్రీట్ దగ్గర రేట్లు మండిపోతాయి, అందుకని మెట్రో స్టేషన్లున్న రవీంద్ర సదన్, కాళీఘాట్ వైపు గదులు చూడండి.

వాతావరణం పగలు 25 డిగ్రీల దగ్గర, రాత్రి 14 దగ్గర. ఒక స్వెటర్ చాలు. గాలి విషయంలో సికింద్రాబాద్ మేడమ్ చెప్పింది నిజమే, చలికాలంలో ఇక్కడా బాగుండదు. కానీ ఢిల్లీ అంత దారుణంగా ఉండదు, మధ్యాహ్నానికి మంచి ఎండ వస్తుంది.

ఇక పిల్లలకు ఏముంది అంటే, ఈ ఊళ్లో అటూ ఇటూ వెళ్లడమే ఒక వినోదం. హౌరా మైదాన్ నుంచి ఎస్‌ప్లనేడ్‌కి మెట్రో 2024 నుంచి హుగ్లీ నది అడుగున నడుస్తోంది. నది కింద సొరంగం 520 మీటర్లు, ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. ఆ భాగంలో గోడలకు నీలం దీపాలు పెట్టారు, అవి కనబడగానే పెట్టెలో అందరూ ఫోన్లు పైకెత్తుతారు. అదే నదిని తిరుగు ప్రయాణంలో లాంచీలో దాటండి, టికెట్ పది రూపాయలకు అటూ ఇటూ. హౌరా వంతెన మీద నడవండి. 1943లో తెరిచిన ఆ వంతెనలో నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లే. గోదావరి వంతెనల మీద పెరిగిన పిల్లలు కదా, నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఇంత బరువు ఎలా నిలిచిందని వాళ్లే అడుగుతారు. వంతెన దిగితే మల్లిక్ ఘాట్ పూల బజారు. తెల్లారేసరికి బంతిపూల దండలు మనిషి నడుము లావు చుట్టలుగా చుట్టి నెత్తిన మోసుకుపోతుంటారు, "ఖబర్దార్" అని అరుస్తారు, పక్కకి తప్పుకోవాలి. కెమెరా చేతిలో ఉన్న పిల్ల అక్కణ్నుంచి కదలదు.

చరిత్ర కావాలంటే ఎల్గిన్ రోడ్డులో నేతాజీ భవన్. 1941 జనవరిలో ఆయన పోలీసుల కళ్లుగప్పి తప్పించుకున్న ఇల్లు అదే, వెళ్లిన వాండరర్ కారు ఇప్పటికీ అక్కడుంది. ఎనిమిదో తరగతి పిల్లాణ్ని దాని ముందు నిలబెట్టి ఆ రాత్రి కథ చెప్పండి, మళ్లీ పాఠం చెప్పక్కర్లేదు. అబ్బాయికి సైన్స్ ఇష్టమైతే సైన్స్ సిటీ ఒక పూట. అమ్మాయికి పుస్తకాలు ఇష్టమైతే కాలేజ్ స్ట్రీట్, ఆదివారం కాకుండా చూసుకోండి, దుకాణాలు చాలావరకు మూసేస్తారు.

తిండి దగ్గర ఒక జాగ్రత్త: ఆవనూనె వాసన మనవాళ్లకి మొదటి రోజు పడదు. ముందే చెప్పి ఉంచండి. పుచ్కా (మన పానీపూరీ లాంటిది), రోల్స్‌కి మాత్రం ఏ పిల్లలూ వద్దనరు. ఇంకొకటి, చలికాలంలోనే దొరికేది, కొత్త ఈత బెల్లంతో చేసిన సందేశ్. మిఠాయి కొట్టులో "నొలెన్ గుడ్" అని అడగండి. లేత గోధుమరంగులో, నోట్లో పెట్టుకుంటే కాస్త పొగ వాసన తగులుతుంది. మార్చిలో వస్తే ఇది ఉండదు. కోల్‌కతాకి డిసెంబరులోనే రమ్మనడానికి నాకు ఇదొక్కటీ చాలు.

సికింద్రాబాద్ అమ్మ

చదువుతుంటే వెళ్లాలనిపిస్తోంది, నిజమే. కానీ టీచరమ్మ గారు చెప్పిన "రోజులు వాళ్లవి" అన్నది నాకు ఇంకా మింగుడుపడటం లేదు. పదహారేళ్ల ఆడపిల్ల, తెలియని ఊరు, తెలియని భాష. క్రిస్మస్ రాత్రి పార్క్ స్ట్రీట్‌లో అంత జనం. ఒక్క ఐదు నిమిషాలు కనబడకపోతే తల్లి గుండె ఏమవుతుంది?

వైజాగ్ టీచరమ్మ

ప్లాన్ వాళ్లది అన్నాను గానీ ఒంటరిగా వదిలేయమనలేదు మేడమ్. క్రిస్మస్ రాత్రి జనంలో నలుగురూ కలిసే ఉండాలి, ఎనిమిదిన్నరకల్లా గదికి. స్వేచ్ఛ ఇవ్వడానికి వేరే చోట్లున్నాయి. మ్యూజియం లోపల అక్కాతమ్ముళ్లని ఒక గంట వాళ్ల దారిన తిరగనివ్వండి, మీరిద్దరూ గేటు దగ్గర బెంచీ మీద కూర్చోండి. ఒకే గేటు, కాపలా ఉంటుంది, కలుసుకునే చోటు ముందే అనుకుంటారు. హోటల్ కార్డు ఇద్దరి జేబుల్లోనూ, మీ నంబర్ కాగితం మీద కూడా, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆదుకునేది ఆ కాగితమే. ఆ గంటలో తమ్ముణ్ని చూసుకున్న అక్కకి వచ్చే ధైర్యం మనం ఇంట్లో కూర్చోబెట్టి ఇవ్వలేం. ఇంకో ఏడాదికో రెండేళ్లకో ఆ అమ్మాయి ఒక్కతే రైలెక్కి కౌన్సెలింగ్‌కో కాలేజీకో వెళ్లాలి కదా.

సికింద్రాబాద్ అమ్మ

ఒకే గేటు, ఒక గంట అంటే సరే. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. ఢిల్లీ మాత్రం చూపించి తీరాలి, అది నేను వదలను.

గోదావరి నాన్న

అందరికీ చాలా కృతజ్ఞతలు. నోయిడా వారి పోస్టు చదివి వినిపించాక మా ఆవిడే "ఢిల్లీ వేసవి సెలవులకు ముందు చూద్దాం" అంది. కోల్‌కతా ఖాయం. మ్యాప్ పిల్లల చేతికిచ్చాను, నిన్న రాత్రి పదకొండు దాకా డైనింగ్ టేబుల్ మీదే ఉన్నారు. వాళ్లు రాసిచ్చింది ఇది, కాస్త చూసి చెప్పండి.

శుక్రవారం 25: దిగాక విశ్రాంతి, సాయంత్రం పార్క్ స్ట్రీట్ దీపాలు.
శనివారం (అబ్బాయి రోజు): సైన్స్ సిటీ, తర్వాత నది కింద మెట్రో, లాంచీ.
ఆదివారం (అమ్మాయి రోజు): కాలేజ్ స్ట్రీట్, విక్టోరియా మెమోరియల్.
సోమవారం 28: పొద్దున ఇండియన్ మ్యూజియం, మధ్యాహ్నం రైలు.

నేతాజీ భవన్ ఎక్కడ పెట్టాలో తేలక వదిలేశారు, అబ్బాయికి మాత్రం ఆ కారు చూడాలని ఉంది.

ఖరగ్‌పూర్ తెలుగోడు

పిల్లలు బాగా వేశారండీ, రోజుకు ఒకటి రెండుకు మించలేదు. రెండు చోట్ల మార్చాలి. ఇండియన్ మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. 1814 నాటి మ్యూజియం, ఈజిప్టు మమ్మీ, భర్హుత్ స్తూపం రాతి కంచె ఉన్నాయి, వదలకూడదు. దాన్ని ఆదివారం పొద్దున పెట్టి, నేతాజీ భవన్ మధ్యాహ్నం చూడండి. కాలేజ్ స్ట్రీట్‌ని శనివారం సాయంత్రానికి జరపండి, లాంచీ దిగాక అటే వెళ్లిపోవచ్చు, సైన్స్ సిటీ నుంచి మాత్రం ఒంటిగంటకల్లా బయటపడాలి. విక్టోరియా లోపలి గ్యాలరీలకు కూడా సోమవారం సెలవే, కానీ తోట తెరిచి ఉంటుంది, తెల్లటి భవనం బయటి నుంచే బాగుంటుంది. సోమవారం ఆరింటికి పూల బజారు, ఆ తర్వాత తోట, అక్కణ్నుంచి గదికెళ్లి సామాను సర్దుకుని స్టేషన్‌కి. ఐదింటికి లేపొద్దన్నారు కాబట్టి ఆ ఒక్క రోజుకి వాళ్లనే అడిగి చూడండి.

తిరుగు టికెట్ 28వ తేదీది అక్టోబరు 29న తెరుస్తారు. వెళ్లేది దొరికింది కదా అని దాన్ని మరిచిపోకండి.