ఏఎన్‌ఏ ఎలైజా నెగెటివ్, వేళ్లు మాత్రం తెల్లబడుతున్నాయి: స్క్లెరోడెర్మా తొలిదశను పట్టేదెలా?

రాయగడ_ల్యాబ్: కోరాపుట్ కొండల చలికి వేళ్లు తెల్లబడి, నీలమై, తర్వాత ఎర్రబడేవాళ్ల శాంపిళ్లు వస్తున్నాయి. కొందరికి వేళ్లు ఉబ్బి కూడా ఉన్నాయి. ఏఎన్‌ఏ (సొంత కణకేంద్రకాల మీదికే తయారయ్యే యాంటీబాడీలు) ఎలైజాలో నెగెటివ్. స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే ఆటోఇమ్యూన్ జబ్బు) అనుమానం ఉన్నా ఎలైజాతో ఆపేయొచ్చా?

సీరం_సూరి: ఆపొద్దు సార్. ఎలైజా ప్లేటుకు ఏ యాంటిజెన్లు (యాంటీబాడీలు అంటుకునే పదార్థాలు) పూశారో వాటి యాంటీబాడీలనే అది పడుతుంది. కిట్ కాగితంలో స్క్లెరోడెర్మాకు సంబంధించిన సెంట్రోమియర్, ఎస్‌సీఎల్-70, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-3 ఉన్నాయో లేదో ముందు చూడండి. హెప్-2 కణాల (ల్యాబులో పెంచిన మనిషి కణాల) మీద ఇమ్యునోఫ్లోరెసెన్స్ (యాంటీబాడీలు అంటుకున్నచోట మెరుపును సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) చేయించండి. 1:80 పలుచనకి 10 మైక్రోలీటర్ల సీరం, 790 మైక్రోలీటర్ల బఫర్. కడగడం సరిగ్గా లేకపోతే స్లైడంతా ఆకుపచ్చగా మెరిసి, లేని పాజిటివ్ కనిపిస్తుంది. సెంట్రోమియర్ యాంటీబాడీ అయితే కేంద్రకంలో విడివిడి చుక్కలు మెరుస్తాయి. విభజన దశలో ఉన్న కణంలో అవే ఒక వరుసకు చేరతాయి. ఇది గుర్తుపట్టడం తేలికే.

పర్లాకిమిడి_టెక్: శాంపిల్ విశాఖ పంపేటట్టయితే రక్తం గడ్డకట్టాక సీరం వేరుచేసే పంపండి. 2–8 డిగ్రీల్లో వారం ఆగుతుంది. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే యాంటీబాడీలు దెబ్బతింటాయి.

రాయగడ_ల్యాబ్: 1:80 పాజిటివ్ వస్తే జబ్బేనా అన్నా?

సీరం_సూరి: కాదు. ఆరోగ్యవంతుల్లోనూ సుమారు 13 శాతం మందికి ఆ పలుచనలో వస్తుంది. అందుకే టైటర్ (ఎంత పలుచన వరకు పాజిటివ్ వచ్చిందో), ప్యాటర్న్ (మెరుపు తీరు) రెండూ రిపోర్టులో రాయాలి. వేళ్ల లక్షణాలకు ఏఎన్‌ఏ తోడైతే పైన చెప్పిన మూడు యాంటిజెన్ల యాంటీబాడీలు, గోరు మొదట్లో కేశనాళికల (సన్నని రక్తనాళాల) పరీక్ష చూడాలి. ఆ కేశనాళికల పరీక్షకు రుమటాలజిస్టు (కీళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బుల డాక్టరు) దగ్గరికే పంపాలి.